మూడు రాళ్ల అసిరమ్మ

అనగనగా అంటే కొండకి ఇంకా రోడ్డు పడని రోజుల మాట. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు మనుషుల తలల మీదే కొండెక్కేది. ఆ ఉప్పు మోసేవాళ్లలో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది.

మొగుడు పోయాడు. పిల్లలు లేరు. పెళ్లికి ముందు పెద్ద పెద్ద పాటలు పాడేదట. గంప తలకెత్తుకున్నాక ఊపిరి చాల్లేదు. పాట పొట్టిదైంది. ఏటికేడూ ఇంకా పొట్టిదైంది. చివరికి మూడు ముక్కలు మిగిలాయి.

పున్నమి పున్నమికీ ఉప్పుగంపలు కదిలేవి. పొద్దు వాలాక నడిస్తే ఎండ బాధ ఉండదు, దారీ కనిపిస్తుంది. ఆ ఎక్కుడులో బరువు దించుకోడానికి మూడు రాళ్లు ఉండేవి. ఒక్కో రాయి దగ్గరా అసిరమ్మ ఒక్కో ముక్క చెప్పేది. దించేవాళ్లు. వినేవాళ్లు. ఎత్తుకునేవాళ్లు.

చైత్రంలో మొదటి రాయి దగ్గర అంది:

"ఇప్పపూలు రాలినాయి."

ఎక్కారు, ఎక్కారు. రెండో రాయి దగ్గర అంది:

"ఎన్నెలా రాలింది."

కాళ్లు పీకుతున్నాయి. మెడ నరాలు లాగేస్తున్నాయి. అయినా తర్వాతి ముక్క వినాలని ఎక్కారు. మూడో రాయి దగ్గర అంది:

"ఏది ఏరాల?"

అంతే. ఎవరో అలసటగా నవ్వారు. గంపలు ఎత్తుకున్నారు.

ఆ గంపలన్నిటికీ పెద్ద లక్కునాయుడు. అతనూ మోసేవాడే. "ముక్కలకి నిలబడతారేటి? లెగండి, లెగండి" అని కసిరేవాడు. రాయి దగ్గర అందరూ దించుకున్నా అతను దించేవాడు కాదు.

శ్రావణం వచ్చింది. పున్నమే గానీ ఆకాశం నిండా మబ్బు. ముసురు. ఉప్పు మీద తాటాకులు కప్పుకుని నడుస్తున్నారు. వాళ్లలో గవరమ్మ అనే పిల్ల ఉంది. కిందటి నెలే దాని పసిబిడ్డ పోయింది. రెండో రాయి దగ్గర అది గంప దించి బురదలో కూలబడింది.

"నానింక లెగను" అంది.

"ఉప్పు కరిగిపోతంది. పులి తిరిగే చోటు. రాకపోతే ఒదిలీసి ఎల్తాం" అన్నాడు లక్కునాయుడు.

"ఎల్లిపోండి బావూ."

అందరూ అసిరమ్మ వైపు చూశారు. ఆమె ఆ రోజు ఒక్క ముక్కా చెప్పలేదు. వచ్చి గవరమ్మ పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక ఆమెకీ లేదు.

"ఇయాల ముక్క లేదేటత్తా?" అని అడిగింది గవరమ్మ.

"చందమామే లేడు. ఏటి సెప్పీది?"

"మూడో రాయి కాడైనా సెప్తావా?"

"నాకు తెల్దమ్మా. అక్కడికెల్తే గానీ అగుపడదు."

అంటూనే గవరమ్మ గంపలోంచి సగం ఉప్పు తన గంపలో పోసుకుంది. గవరమ్మ అది చూసింది. చేత్తో మొహం తుడుచుకుంది. లేచింది.

మూడో రాయి దగ్గర దించారు. అసిరమ్మ ఇంకా రొప్పుతోంది. రాతి మీద చిన్న గుంట, గుంటలో వాననీళ్లు. గవరమ్మ వాటికేసి చూస్తూ నెమ్మదిగా అంది:

"నీళ్లు తెల్లగున్నాయి.

పైన మబ్బే.

ఉన్నాడన్నమాట."

అసిరమ్మ తల ఊపింది. ఆ తర్వాత నెలనెలా గవరమ్మ ఆమె వెనకే నడిచేది.

పుష్యమాసం వచ్చింది. ఎముకలు కొరికే చలి. అసిరమ్మ నడుము వంగిపోయింది. మొదటి రాయి దగ్గర అంది:

"మంచు పట్టింది."

ఎక్కారు, ఎక్కారు. రెండో రాయి దగ్గర అంది:

"చందమామకీ సలేస్తంది."

గవరమ్మ ఆమె గంప దింపింది. అసిరమ్మ రాయికి చేరగిలబడి కళ్లు మూసుకుంది. ఇంక తెరవలేదు.

ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఏడుపుకీ ఊపిరి కావాలి. గవరమ్మ తన గంప అక్కడే వదిలేసి ఆమెను వీపున కట్టుకుంది. ఎక్కారు, ఎక్కారు. మూడో రాయి మీద ఆమెను పడుకోబెట్టారు. అందరూ దించి నిలబడ్డారు. మూడో ముక్క చెప్పేవాళ్లు లేరు. గవరమ్మ ఆమె మొహం మీది మంచు కొంగుతో తుడిచింది.

అప్పుడు లక్కునాయుడు గంప దించాడు. ఏ రాయి దగ్గరా అతను దించడం ఎవరూ అంతకుముందు చూడలేదు. తలపాగా విప్పి ఆమె కాళ్ల మీద కప్పాడు.

"దించీసినావు గదా, పడుకో" అన్నాడు.

ఆ మాటలోనే ఆమె పాట పూర్తయింది.

ఇప్పుడు ఉప్పు లారీలో వెళ్తుంది. రాళ్లు మాత్రం ఉన్నాయి. కట్టెలమోపులతో దిగే ఆడవాళ్లు ఒక్కో రాయి దగ్గరా ఒక్కో ముక్క చెప్పుకుంటారు. జీడిమామిడి పూత, పొగమంచు, నీళ్లెండిన గెడ్డ, కంటికి ఏది కనిపిస్తే అది. పుష్య పున్నమికి కొండ ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ మూడో రాయి దగ్గరికి వస్తారు. పూజ లేదు, కొబ్బరికాయ లేదు. ఆ ఏడు తమ ఇంట్లో పోయినవాళ్లని పేరు పెట్టి పిలుస్తారు. చల్లటి రాతిని అరచేత్తో నిమిరి, "పడుకో" అని చెప్పి ఇంటికి వెళ్తారు.