పేరు పలికిన సుంకులమ్మ

“గుడి లేచిన రోజున, తొలి హారతి వేళ, నీ మొగుడి పేరు నేనే నోరారా చెబుతానమ్మా. ఊరంతా వినేలా చెబుతాను. దేవుడి మీద ఒట్టు.”

ఈ మాట అన్నది ఒక ఊరిపెద్ద. విన్నది రాళ్లు కొట్టే సుంకులమ్మ. ఇది ఎప్పటి సంగతో చెప్పేవాళ్లు లేరు. మన తాతల తాతలకు కూడా ఇది పాత కథే.

ఒక రాతిగుట్ట. గుట్ట కింద ఒక ఊరు. ఊరికి దూరంగా ఒక గుడిసె. ఆ గుడిసెలో సుంకులమ్మ, ఆమె భర్త తిప్పన్న ఉండేవాళ్లు. పిల్లల్లేరు. ఊళ్లో కట్టే కొత్త గుడి కోసం తిప్పన్న గుట్ట మీదే దేవుణ్ణి చెక్కాడు. మొద్దుల మీద దొర్లిస్తూ కిందికి దింపుతుంటే తాడు తెగింది. విగ్రహం మీద పడి తిప్పన్న నలిగిపోయాడు. విగ్రహం కుడిచెయ్యి, భయపడొద్దని చూపే చెయ్యి, మణికట్టు దగ్గర విరిగింది.

విరిగిన విగ్రహానికి పూజ లేదన్నారు. దాన్ని అక్కడే వదిలేసి ఇంకో విగ్రహం తెప్పించారు. సుంకులమ్మనూ వదిలేశారు, ఒక్క మాట చేతిలో పెట్టి.

ఆ కాలంలో ఆడది భర్త పేరు పలకకూడదు. ‘ఆయన’ అనాలి, ‘మా ఇంటాయన’ అనాలి. పిల్లల్లేని ఇంట్లో ఇక ఆ పేరు పలికేదెవరు? ఎవరూ పలక్కపోతే అలాంటి మనిషి ఒకడుండేవాడని తెలిసేదెలా? అందుకే ఆమె పెద్దాయన మాట పట్టుకుని బతికింది.

గోడలు లేచాయి. వెళ్లి అడిగింది.

“ఇంకా కప్పు పడలేదు కదమ్మా” అన్నాడు పెద్దాయన.

సుంకులమ్మ వెనక్కి తిరిగింది. గుట్టెక్కింది.

కప్పు పడింది. వెళ్లి అడిగింది.

“ఇంకా కలశం ఎక్కలేదు కదమ్మా.”

సుంకులమ్మ వెనక్కి తిరిగింది. గుట్టెక్కింది.

కలశం ఎక్కింది. తొలి హారతి వెలిగింది. గుడి గోడ మీద పెద్దాయన పేరుంది, ఆయన తండ్రి పేరుంది, ఆయన కొడుకు పేరుంది. చెమట ఎవరిది, పేరు ఎవరిది?

“అయ్యా, మా ఇంటాయన పేరు...” అంది సుంకులమ్మ.

“శుభమా అని హారతిస్తుంటే చచ్చినోడి పేరేందే? పక్కకు జరుగు!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సుంకులమ్మ వెనక్కి తిరిగింది. గుట్టెక్కింది.

మధ్యాహ్నం దాటింది. బండలు కాలుతున్నాయి. విరిగిన దేవుడి నీడలో కూలబడింది. “నీకూ ఎవరూ లేరు కదా సామీ” అంది.

మేకలు తోలుకుపోతున్న గంగవ్వ ఆగింది. “ఏమే పిచ్చిదానా, రాయితో మాటలేందే? బదులు చెప్తాడా?”

“చెప్పడు గంగవ్వా. పక్కకు జరగమనీ అనడు.”

“చెయ్యిరిగినోడు నిన్నేం కాపాడతాడే!”

“కాపాడలేదులే. ఆయనతో పాటే తానూ పడ్డాడు. ఇద్దరం విరిగినోళ్లమే, కూర్చోనీ.”

గంగవ్వ వెళ్లిపోయింది. మళ్లీ ఎవరూ లేరు. సుంకులమ్మ విగ్రహం చెవి దగ్గర నోరు పెట్టింది. పెళ్లయిన నాటి నుంచీ పలకని పేరు పలికింది.

“తిప్పన్న.”

పిడుగు పడలేదు. నాలుక తెగిపోలేదు. “తిప్పన్న” అంది మళ్లీ, కాస్త గట్టిగా. మూడోసారి గొంతు చించుకుని అరిచింది. అవతలి గుట్ట ఆ పేరును తిరిగి చెప్పింది.

ఆయన పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. విరిగిన మణికట్టు మీద తల ఆనించి ఏడ్చింది. దేవుడు విన్నాడు. మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. పొద్దు వాలాక ఆమె లేచి, ఇంటికి పోయి, ఎన్నో రోజుల తర్వాత పొయ్యి ముట్టించింది. ఒక్కతే తింది. మర్నాటికీ కాస్త గంజి ఉంచుకుంది.

తర్వాత ఎన్నేళ్లు బతికిందో, ఒంటరిగానే బతికింది. రోజూ గుట్టెక్కింది, ఆ పేరు పలికింది, దిగింది. ఒకనాడు దిగలేదు, ఆ దేవుడి దగ్గరే కన్నుమూసింది. ఆమె కోసం ముందుగా గుట్టెక్కింది గంగవ్వే. ఎక్కి, అక్కడే నిలబడి, ఎప్పుడో పోయిన తన మొగుడి పేరు ముసలి గొంతుతో పలికింది.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఎవరైనా పోతే, వెనక మిగిలినవాళ్లు ఒంటరిగా గుట్టెక్కుతారు. విరిగిన చెయ్యి పట్టుకుని పోయినవాళ్ల పేరు మూడుసార్లు చెబుతారు. ఏడవాలనిపిస్తే ఏడుస్తారు. “సుంకులమ్మా, దిగుతున్నాం” అని చెప్పి దిగుతారు.

ఏటా, ఆ తొలి హారతి జరిగిన తిథిన, జనం గుడి వాకిట నిలబడి అడుగుతారు: “తిప్పన్న పేరేది?” లోపలున్న గుడిపెద్దలు ఇంతవరకూ ఆ పేరు పలకలేదు. ఈ యేడు జనం అడిగి ఊరుకోలేదు. బదులు చెప్పడానికి గడువు పెట్టారు. వచ్చే మాఘ పౌర్ణమి.