మింగిన మాటలు తిన్న చిలక

వెనకటికి ఓ రాజు ఉండేవాడు. పేరు కుంతలవర్మ. పేరుకే రాజు, బుద్ధికి కాదు. మధ్యలో అడ్డురాకుండా వినండి.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణిధరుడికి పసితనంలో పోలమ్మ అనే దాది నీళ్ళు పోసేది. బిడ్డని చాపిన కాళ్ళ మీద వేసుకుని, నలుగు పెడుతూ వాగుతూనే ఉండేది.

"ఏరా దొంగా, పాలు తాగావా? ఇది ముక్కు, ఇది చెవి."

బిడ్డ ఊఁ అనేవాడు. ఏడాది నిండేసరికి మాటలొచ్చాయి.

రెండోవాడు పుట్టాక ధూమ్రుడనే మాంత్రికుడు వచ్చాడు. "మోటు మాటలు వింటే రాకుమారుడి నాలుక చెడుతుంది. అక్షరాభ్యాసం దాకా ఎవరూ పలకరించొద్దు. ఆనాడు దేవభాషే పలుకుతాడు" అన్నాడు. రాజు నమ్మి పోలమ్మని గెంటించాడు. మూడోవాడు పుట్టినా అదే ఆజ్ఞ. దాదులు నోటికి గుడ్డ కట్టుకుని పాలిచ్చారు. ఇలాంటి తెలివి పెద్దిళ్ళలోనే పుడుతుంది.

అయిదో ఏట రెండోవాడి వేలు బియ్యంలో పెట్టించి "ఓం అను నాయనా" అన్నారు. వాడు మూలిగాడు, అంతే. తల్లిని పిలవడం కూడా రాదు.

తమ్ముళ్ళకి మాట తేవాలని మణిధరుడు బయల్దేరాడు. చీమని అడిగాడు, తెలీదంది. చేపని అడిగాడు, తెలీదంది. పొదిగే కోడిని అడిగాడు.

"నేను గుడ్డుతో కూడా మాట్లాడతాను. మీరు బిడ్డతో మాట్లాడలేదా?" అని ఈసడించింది కోడి. "ఏడు సముద్రాల అవతల ధూమ్రుడి చిలక ఉంది. మీరు మింగేసిన మాటలే దాని మేత. వాడి ప్రాణం దాన్లోనే ఉంది."

మణిధరుడు చేప వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. చిలక మెడ పట్టాడు.

"మాటలు కక్కు."

"తిన్నది అరిగిపోయింది. నన్ను చంపితే వాడు చస్తాడు, మాటలు మాత్రం రావు."

మెడ విరిచాడు. మాంత్రికుడు కూలాడు. మణిధరుడు వట్టి చేతులతో పోలమ్మ గుడిసెకి వెళ్ళాడు.

"నాది మోటు నోరన్నారుగా, బాబూ."

"ఆ నోరే కావాలవ్వా."

"మీ నాయన్నొచ్చి అడగమను."

రాజు వచ్చి అడిగాడు. అడగాలి మరి.

పాలు మానని చిన్నవాడు మూణ్ణెల్లకి ఊఁ కొట్టాడు, ఆర్నెల్లకి అమ్మా అన్నాడు. రెండోవాడికి పోలమ్మ మూడేళ్ళు చెప్పింది. వచ్చినవి మూడే మాటలు.

మణిధరుడికి పెళ్ళయింది, పట్టం కట్టారు, అరవై ఏళ్ళు ఏలాడు. ఆ పెళ్ళిపీటల దగ్గర రెండోవాడు అన్న భుజం పట్టుకుని ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి. మేళం ఆపించారు. అందరూ చూశారు. మాట రాలేదు. భుజం వదిలి లోపలికి పోయాడు. ముసలిరాజు తల దించుకున్నాడు.

కథ అయింది. మీ ఇంట్లో చంటిబిడ్డ మెలకువగా ఉంటే లేచి వెళ్ళండి.