ఆవము మూసిన అచ్చెమ్మ – నిబ్బరాల గౌరి వ్రతము

పూర్వమొకప్పుడు వేత్రవనమున మునులందరు స్నానాదులు ముగించి కూర్చుండగా, సుధాముడను ముని, అందరిలో పెద్దవాడైన కలశకంఠ మహామునికి నమస్కరించి యిట్లడిగెను. "స్వామీ, భూలోకము తిరిగి వచ్చితిని. జనులు జరిగిన కష్టమునకంటె జరగని కష్టమునకే ఎక్కువ ఏడ్చుచున్నారు. అన్నము ముందు పెట్టుకొని, రేపు దొరకదేమోనని దానిని చల్లార్చుకొనుచున్నారు. దీనికి వ్రతమేదైన కలదా?" కలశకంఠుడు చిరునవ్వు నవ్వి, కలదు, నిబ్బరాల గౌరి వ్రతమని దానికి పేరు, ఒక కుమ్మరి ఇల్లాలు దానిని ఆచరించిన విధము వినుమని చెప్పసాగెను.

ఎర్రవాగు ఒడ్డున గురవన్న యను కుమ్మరియు, అతని భార్య అచ్చెమ్మయు కాపురముండిరి. గురవన్న చేయి తిరిగిన పనివాడు. అచ్చెమ్మయు మట్టి తొక్కుటలో దిట్ట. ఆమెకు లోపమొక్కటే. మబ్బు పట్టినచో ఇల్లు కూలుననుకొనెడిది, ఎండ కాసినచో వాగు ఇంకిపోవుననుకొనెడిది. మగడు సంతనుండి వచ్చుట ఆలస్యమైన, ఎద్దు పొడిచినదని నిశ్చయించుకొని, ఏడ్చుటకు ఇరుగుపొరుగును పిలుచుకొనెడిది. అతడు బెల్లము మూటతో వచ్చునప్పటికి వాకిట జనులు మూగియుండెడివారు.

కుండలను ఆవములో పేర్చి, పిడకలు కప్పి, పైన మట్టి మెత్తి నిప్పు పెట్టిన పిమ్మట, అది తనంతట చల్లారు వరకు తెరువరాదు. నడుమ గాలి తగిలిన కుండ చిట్లును. ఈ సంగతి అచ్చెమ్మకు పుట్టినప్పటినుండి తెలియును. అయినను లోపల పగిలినవేమో యను దిగులు పట్టలేక, గురవన్న అటు తిరగగానే పై మట్టి తొలగించి చూచెను. చూచినందువలననే కుండలు చిట్లెను. "చూశావా మావా, నేననుకున్నట్టే అయింది!" అని ఆమె లబలబలాడెను. మరల ఆవము పెట్టిరి. మరల చూచెను, మరల చిట్లెను. భయపడినదెల్ల నిజమగుచుండుటచే ఆమె భయమునకు బలము పెరిగెను. ఊరివారు కుండలకు పొరుగూరు పోవుచుండిరి. పొయ్యిలో పిల్లి లేవకుండెను.

గురవన్న ఒక్క మాటయు తిట్టలేదు. ఉన్న మట్టితో కడపటి ఆవము పెట్టెదననియు, అదియు పోయిన చక్రము అమ్మివేసి, కూలికై దూరదేశము పోయెదననియు చెప్పి, మట్టి తట్ట ఎత్తుకొని పనికి పోయెను. మగడు లేని కాపురమును తలచుకొని అచ్చెమ్మ ఎన్నిమారులో ఏడ్చియుండెను. నిజముగా ఆ మాట వినబడిన నాడు ఆమెకు ఏడుపు రాలేదు.

అంతలో పసుపు పాదములతో ఒక పెద్ద ముత్తైదువ వచ్చి దాహమడిగెను. కుమ్మరి ఇంట నీళ్ళిచ్చుటకు పగలని ముంత లేకపోయెను. అచ్చెమ్మ సిగ్గుపడి, ఆమె దోసిట నీరు పోసి, తన గోడు వెళ్ళబోసుకొనెను. ఆ వచ్చినది సాక్షాత్తు గౌరీదేవి.

"భయపడకుండా ఉండటం నా వల్ల కాదవ్వా" అని అచ్చెమ్మ అనగా, "భయపడొద్దని నేనన్లేదే. భయపడు తల్లీ. చెయ్యి మాత్రం పెట్టకు" అని గౌరి పలికెను. మంగళవారమున పసుపు గౌరిని నిలిపి, ముందర గుప్పెడు బియ్యము పోసి, మనసులోని దిగులంతయు దాచక ఒక్కమారు చెప్పుకొని, ఆ బియ్యముపై ఆకు దొన్నె బోర్లించవలెననియు, తలపెట్టిన పని ముగిసి దొన్నె ఎత్తు వరకు చెప్పిన దిగులు మరల చెప్పరాదనియు, ఎదుటి పని మానరాదనియు విధానము తెలిపి అంతర్ధానమయ్యెను.

అచ్చెమ్మ అట్లే చేసెను. గురవన్న ఆవమునకు నిప్పు పెట్టెను. కొంతసేపటికి లోపల టప్పుమని చప్పుడయ్యెను. అచ్చెమ్మ దిగ్గున లేచి పరుగెత్తి, ఆవముమీది మట్టిపై చెయ్యి వేసెను. వేసిన చెయ్యి వెనుకకు తీసికొని, "అమ్మా, నీకు చెప్పేశాను గదా" అని, పోయి మట్టి తొక్కసాగెను. మరల టప్పుమనెను. ఆమె ఏడ్చుచునే తొక్కెను.

ఆవము చల్లారిన పిమ్మట గురవన్న తెరచి భార్యను పిలిచెను. కొన్ని కుండలు పగిలియుండెను. తక్కినవన్నియు ఎర్రగా కాలి, కొట్టిన కంగుమనుచుండెను.

"పగిలింది ఇంతేనా మావా?" అని అచ్చెమ్మ అడిగెను.

"ప్రతి ఆవంలోనూ ఇంతే పగుల్తాయే. నువ్వెప్పుడూ ఆగి చూళ్ళేదు" అని గురవన్న చెప్పి, చక్రము అమ్మనక్కరలేదనెను. అప్పుడు అచ్చెమ్మ మనసార ఏడ్చెను. దొన్నె ఎత్తి, ఆ బియ్యము వండి వాడవారందరికి పంచిపెట్టెను. అటుపిమ్మట ఆ దంపతులు పాడిపంటలతో సుఖముగా నుండిరి.

కావున సుధామా, నిద్రించు బిడ్డ ముక్కు దగ్గర వ్రేలు పెట్టి చూచు తల్లులు, తాళము వేసి వెనుకకు వచ్చి లాగి చూచువారు, విత్తకముందే పంటకు పురుగు పట్టినదని మంచమెక్కు రైతులు, స్త్రీ పురుష భేదము లేక ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి తిన్నది ఒంటబట్టును, కన్ను మూసిన నిద్ర పట్టును, చేపట్టిన పని చెడకుండును. కష్టములు రావని చెప్పను. గౌరి అట్టి వరమీయలేదు. రావలసిన కష్టము ఒక్కమారే వచ్చును.

అని కలశకంఠుడు చెప్పగా మునులందరు సంతోషించిరి. కథ వినినవారు అక్షతలు శిరస్సున వేసికొని, ప్రసాదము ఆరగించవలెను. సక్రమముగా చేసితిమా లేదా యని మరల ఎవ్వరిని అడుగరాదు. చేసినారు, చాలును.