సరి అన్న మాట

ఒకప్పుడు వెన్నెలకోటను వసుపాలుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల దీవిలో ధూమకేశి అని ఒక మాంత్రికుడు. చదరంగంలో వాడు దిట్ట. తనతో ఆడి ఓడినవాళ్ళను రాళ్ళుగా మార్చేసేవాడు. వాడి పొగరు అణచి వస్తానని పెద్ద కొడుకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను తెస్తానని నడిపివాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. మిగిలింది చిన్నవాడు ఉదయకేతుడు. తల్లి ఏడ్చింది, తండ్రి వద్దన్నాడు. అయినా బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని కొట్టుకుంటోంది. ఉదయకేతుడు కత్తితో వల కోసి దాన్ని విడిపించాడు.

"నా వీపు మీద ఎక్కు నాయనా, ఆ దీవికి నేను చేరుస్తాను," అంది తాబేలు.

ఈదుతూ ఈదుతూ అసలు సంగతి చెప్పింది. "ఆ మాంత్రికుడి ప్రాణం వాడి పక్కనే పంజరంలో ఉండే చిలకలో ఉంది. నువ్వు గెలిస్తే చిలక చస్తుంది, వాడూ చస్తాడు."

"మంచిదేగా అవ్వా!"

"ఏం మంచిది? రాళ్ళను మనుషుల్ని చేసే మంత్రం వాడొక్కడికే తెలుసు. వాడు పోతే అదీ పోతుంది. నువ్వు ఓడకూడదు, గెలవకూడదు. ఆట సరి కావాలి. 'సరి' అని ఒక్కసారే అడగొచ్చు. వాడు ఒప్పుకుంటే ఆ చదరంగం పలక పగిలిపోతుంది, ఇక అక్కడ ఆటే ఉండదు. ఎవరు కోరింది వాళ్ళకు దక్కుతుంది. వాడు కాదంటే మాత్రం తుదిదాకా ఆడాల్సిందే."

"మరి ఎప్పుడు అడగను?"

"వాడు భయపడినప్పుడు. వాడి ముఖం చూస్తే నీకేమీ తెలీదు. చిలకను చూడు."

దీవిలో దారికి అటూ ఇటూ రాళ్ళే. పెద్దన్న రాయి, చిన్నన్న రాయి. వాళ్ళ పక్కనే ఒక అమ్మాయి రాయి, ఎత్తు ఆలోచిస్తున్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఉంది. ఉదయకేతుడు అన్నల భుజాలు తడిమి, కళ్ళు తుడుచుకుని ముందుకు నడిచాడు.

"నువ్వూ వచ్చావట్రా కుర్రాడా? కూర్చో," అన్నాడు ధూమకేశి.

ఆట మొదలైంది. కాసేపటికే ఉదయకేతుడి మంత్రి పోయాడు. 'సరి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చిలక వైపు చూశాడు. అది తాపీగా జామపండు కొరుక్కుంటోంది. మాట మింగేశాడు.

ఎలాగో కాచుకుని మాంత్రికుడి మంత్రిని కూడా పడగొట్టాడు. బలాలు సమానమయ్యాయి. ఇప్పుడు అడిగితే? చిలక వైపు చూశాడు. అది రెక్క కింద ముక్కు పెట్టి ఈకలు సవరించుకుంటోంది. మళ్ళీ మింగేశాడు.

పావులు ఒక్కొక్కటే పలక దిగిపోయాయి. ధూమకేశికి రాజు, గుర్రం మిగిలాయి. ఉదయకేతుడికి మూలలో రాజు, పక్కన ఏనుగు, ఒకే ఒక్క బంటు. ఆ బంటును ఒక గడి ముందుకు జరిపాడు. ఇంకొక్క గడి దాటితే అది మంత్రి అవుతుంది. మంత్రి అయితే గెలుపే.

ధూమకేశి ముఖం ఎప్పటిలాగే ఉంది. "ఊఁ" అని మీసం దువ్వాడు. కానీ పంజరంలో చిలక గజగజ వణికిపోతోంది. ఈకలు రాలుతున్నాయి.

ఇదే అదను అని తెలుసు. అయినా ఉదయకేతుడి చూపు బంటు మీదికే పోయింది. అన్నలను రాళ్ళు చేసినవాడు ఎదురుగా ఉన్నాడు. ఒక్క గడి! ఒక్క గడి జరిపితే వీడు చస్తాడు. చెయ్యి బంటు కోసం తహతహలాడింది. పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ధూమకేశి చెయ్యి గుర్రం మీదికి వెళ్తోంది.

"సరి!" అన్నాడు ఉదయకేతుడు.

మాంత్రికుడి చెయ్యి గాల్లో ఆగింది. "గెలిచే ఆట వదులుతావా? ఏమిట్రా నీ ఎత్తు?"

"ఒప్పుకుంటావా, లేదా?"

ధూమకేశి పలకను చూశాడు, బంటును చూశాడు. చిలక కీచుమంది.

"సరి," అన్నాడు చివరికి. పలక నిలువునా పగిలింది. "నా ప్రాణం ఎక్కడుందో నీకు తెలుసని నీ చూపే చెబుతోంది. ఎవరికీ చెప్పకు. అదే నా కోరిక."

"చెప్పను. నువ్వు రాళ్ళు చేసినవాళ్ళందరినీ విడిచిపెట్టు. అది నా కోరిక."

ధూమకేశి మంత్రం పలకగానే దీవంతా మనుషుల గోల. అన్నలిద్దరూ పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న అమ్మాయి, సింధువరం రాకుమారి ముక్తావళి, నేరుగా పలక దగ్గరికి వచ్చింది. పగిలిన పలక మీద పావులు ఇంకా చెదరలేదు. వంగి చూసి, చప్పున ఉదయకేతుడి వైపు తిరిగింది.

"తర్వాతి ఎత్తు ఎవరిది?"

"ధూమకేశిది."

"గుర్రాన్ని ఇదిగో, ఈ గడిలోకి దూకిస్తే మీకు ఆటకట్టు. మీ ఏనుగే మీ రాజుకు అడ్డం నిలబడింది. భయంలో వాడికి కనబడలేదు."

ఉదయకేతుడు ఆ గడిని తేరిపార చూశాడు. "నాకూ కనబడలేదు," అన్నాడు.

ముక్తావళి నవ్వింది. ఆ నవ్వుకే ఉదయకేతుడు ఓడిపోయాడు. వెన్నెలకోటలో వాళ్ళ పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. అన్నలు ఇద్దరూ రాజ్యం తమ్ముడికే ఇమ్మన్నారు. ఉదయకేతుడు, ముక్తావళి జుట్టు నెరిసేదాకా ప్రజలను చల్లగా ఏలారు. రోజూ సాయంత్రం చదరంగం ఆడుకునేవారు. ఎప్పుడూ ఆమే గెలిచేది.