పచ్చిక పట్టని చోటు

జిలానీకి ఒకటే దిగులు. గురువుగారి ఇంటి ముందు తను పరిచిన పచ్చికలో ఒక్కచోట మాత్రం గడ్డి పట్టడం లేదు.

సూఫీ గురువు నూరుల్లా షా దగ్గరికి శిష్యరికానికి రాకముందు అతను పెద్ద నర్సరీలో పనిచేశాడు. ఎండలకి ఏ గడ్డి తట్టుకుంటుందో, నీడకి ఏది ఆగుతుందో వేళ్లతో తడిమి చెప్పేవాడు. ఆ తెలివే కాస్త ఎక్కువైంది. పెద్ద శిష్యుడు బుడన్ సాహెబ్ ఏళ్లతరబడి నీళ్లు పోసి పెంచిన గరికను కలుపుమొక్క అని పీకి పారేశాడు.

"ఎండ పడేచోట కొరియన్ గడ్డి వేస్తా మామూ, తివాచీలా ఉంటుంది. ప్రహరీ నీడన బఫెలో గడ్డి. గరికదేముంది, గాడిదలు మేసేది," అన్నాడు నవ్వుతూ.

ఆ రోజు నుంచి బుడన్ సాహెబ్ వాకిట్లోకి రావడం మానేసి, వంటింటి వెనక చాప వేసుకుని తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటున్నాడు.

కొరియన్ గడ్డి అల్లుకుంది. బఫెలో గడ్డీ అల్లుకుంది. రెండింటి నడుమ మాత్రం మనిషి పొడవున నేల బోసిగా ఉండిపోయింది. అక్కడ కొరియన్ వేస్తే ఎండింది. బఫెలో వేస్తే కుళ్లింది. చివరికి సిగ్గు విడిచి గరికే తెచ్చి నాటాడు. మర్నాటికి వేళ్లతో సహా పైకి తేలి ఉంది, ఎవరో లోపలినుంచి నెట్టినట్టు.

ఆ జాగా ఉత్తరాన గుండ్రంగా, దక్షిణాన సన్నగా ఉంది. అచ్చం గోరీ తీరు. పాలు పోసే ఆవిడ దానికేసి చూడకుండా గోడ వారన నడిచి వెళ్లిపోయేది.

ఒక మిట్టమధ్యాహ్నం జిలానీ ఉండబట్టలేక అడిగేశాడు. "బాబా, ఇక్కడ ఏ గడ్డి బతుకుతుంది?"

నూరుల్లా షా చెప్పులు విడిచి వచ్చి, ఆ మట్టిలో వెల్లకిలా పడుకున్నారు. ఆయన పాదాల కింద ఇంకా జానెడు చోటు మిగిలింది. లేచి నిలబడ్డారు.

"నాకు పొడుగైంది. నువ్వు పడుకో."

జిలానీ ఉత్తరానికి తల పెట్టి పడుకున్నాడు.

తల నుంచి మడమల దాకా సరిపోయింది. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న అతని ఎడమ మోచేతికి కూడా మట్టిలో వంపు ఉంది. పైన ఎండ మాడ్చేస్తుంటే వీపు కింద నేల చన్నీళ్లలా తగిలింది. చెవి పక్కన ఏదో పాకుతున్న చప్పుడు. చీమలనుకున్నాడు. చీమలు కావు. లేవబోతే ఒళ్లు కదల్లేదు.

"అక్కణ్ణుంచి చూసి చెప్పు," అన్నారు గురువు. "ఏ గడ్డి మేలు?"

జిలానీ కష్టంమీద తల తిప్పాడు. కళ్లకి ఆనుకుని పోచలు, వాటి వెనక పోచలు. వెలుగుకి అడ్డంగా అన్నీ నల్లగా ఉన్నాయి. ఏది కొరియనో, ఏది బఫెలోనో ఆనవాలు దొరకలేదు. గాలి లేదు. అయినా అన్నీ తన మీదికే వంగుతున్నాయి.

"తెలియట్లేదు బాబా," అన్నాడు.

గురువు చెయ్యందించి పైకి లాగారు. జిలానీ వెనక్కి చూశాడు.

"ఇది ఎవరి చోటు బాబా?"

"ఇవాళ్టికి ఎవరిదీ కాదు," అని ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

జిలానీ ఒంటికంటిన మట్టితోనే వంటింటి వెనక్కి నడిచాడు. బుడన్ సాహెబ్ అతని మోచేతి మట్టికేసి చూసి, చాప మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.