తవుడు పెట్టిన చెయ్యి

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, రణకంఠీరవుడనే రాజు ఉండేవాడు. ఆయన బిరుదులు చదవడానికి ఒక మనిషి, ఆ మనిషికి ఊపిరి చాలకపోతే అందుకోవడానికి ఇంకో మనిషి, ఇద్దరూ జీతగాళ్ళే. రాజు మంచివాడే పాపం. కాకపోతే ఎవరెక్కడ నవ్వినా తనను చూసే నవ్వారనుకునే జబ్బొకటి ఉండేది.

ఆయనకు లేకలేక పుట్టిన కొడుకు ఆరేళ్ళవాడు. వాడికి సున్నుండ పెడితే మొహం తిప్పుకుంటాడు. నేతిలో వేగిన కజ్జికాయ పెడితే ఒక కొరుకు కొరికి కుక్కకు వేస్తాడు. వెండిగిన్నెలు పట్టుకుని వాడి వెనకాల తిరగలేక దాదులకు కాళ్ళు పీక్కుపోయేవి. అలాంటి పిల్లాడికి నోరూరేది దేనికయ్యా అంటే, తవుడుకి.

నవ్వకండి. కొత్తగా దంచిన తవుడు మీరు తిన్నారో లేదో నాకు తెలియదు. ఊక పోయాక రెండో దంపుడులో దిగిన తవుడును, రోటి వేడి పోకముందే సన్నగా జల్లించి, నలగ్గొట్టిన బెల్లం కలిపి పిడికిట్లో నొక్కితే ఉండవుతుంది. పిల్లల నాలుక ఎవరి మాటా వినదు. ఒకడికి గిన్నె అడుగున మాడుచెక్క కావాలి. ఒకతికి ఉప్పూకారం వేసి నూరి పుల్లకు గుచ్చిన చింతపండు కావాలి. పచ్చిబియ్యం మరిగినవాడి చేతిలోంచి పచ్చిబియ్యం లాక్కోవడం ఆ బ్రహ్మతరం కూడా కాదు.

కోటలో వడ్లు దంచే పేరమ్మకు ఇదంతా తెలుసు. దంపుళ్ళ కొట్టం చుట్టూ మూగే పనివాళ్ళ పిల్లలకు రోజూ తలా ఒక ఉండ చేసి పెట్టేది. ఒకరోజు ఆ వరసలో ఒక పట్టులాల్చీ నిలబడి అరచెయ్యి చాపింది. పెట్టవచ్చో పెట్టకూడదో అని ఆమె ఒక్క క్షణం జంకింది. చాచిన పిల్లచేతిని ఉత్తదే వెనక్కి పంపడం ఆమె వల్ల కాలేదు. ఆ తర్వాత చిన్నబాబుగారు రోజూ వచ్చేవాడు.

అక్కడితో ఆగితే బాగానే ఉండును. ఒకరోజు పొద్దున్నే పొరుగు రాజ్యం నుంచి దూత వచ్చాడు. నిండు కొలువులో, మర్యాద కోసం, పిల్లాణ్ణి దగ్గరకు పిలిచి, "యువరాజా, మీ కోటలో మీకు అన్నిటికన్నా ఇష్టమైన తినుబండారం ఏది?" అని అడిగాడు.

"తవుడు," అన్నాడు పిల్లాడు.

దూత మీసం కింద నవ్వుకుని, "అలాగా. మా దేశంలో గేదెలు కూడా దాన్ని ఇష్టంగా తింటాయి," అన్నాడు.

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఎవరు పెట్టారని అడిగాడు. పిల్లాడు గొప్పగా చెప్పాడు. "పేరమ్మ. రోజూ పెడుతుంది. అడిగితే ఇంకోటి కూడా పెడుతుంది." వాడు పాపం ఆమెను మెచ్చుకుంటున్నాననుకున్నాడు.

కనురెప్పల మీద తవుడు దులుపుకోకుండానే పేరమ్మను లాక్కొచ్చి నిలబెట్టారు. ఆస్థాన పండితుడు నరహరి శాస్త్రులు గొంతు సవరించుకుని, యువరాజుకు పశువుల మేత పెట్టడమంటే ఆయన్ను పశువని తిట్టడమేనని తేల్చాడు. రాజు సింహాసనం మీంచి లేచాడు.

"నా కొడుకు నోటికి పశువుల మేత అందించిన చెయ్యి ఆ ఒంటి మీద ఉండటానికి వీల్లేదు. సాయంత్రం కొలువులో, దూతగారు చూస్తుండగా, తీసెయ్యండి. అందాకా దీన్ని పశువుల దగ్గరే కట్టెయ్యండి."

అలా మణికట్టుకు బారెడు తాడు వేసి పేరమ్మను గుర్రాలశాలలో ఒక స్తంభానికి కట్టేశారు. ఎదురుగా పొయ్యి మీద పెద్ద కాగు ఉడుకుతోంది. గుర్రాలవాడు వచ్చి కాగు వంచి నీళ్ళు వార్చాడు, ఉడికిన గింజలు తొట్లలో పోశాడు. వంటింటాయన వచ్చి ఆ నీళ్ళు ఇత్తడిబిందెలో పట్టుకుపోయాడు. ఆమె అన్నీ చూసింది, ఏదీ బుర్రకెక్కలేదు. మాటిమాటికీ కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని చూసుకుంటోంది. ఇరవై ఏళ్ళు రోకలి పట్టి కాయలు కాసిన చెయ్యి. సాయంత్రం ఎంత దూరంలో ఉందో గుమ్మంలో ఎండ చూసి లెక్కపెట్టుకుంటోంది.

మధ్యాహ్నం దాటాక సూరప్ప వచ్చాడు. కొలువులో ఈ సూరప్ప పని ఏమిటంటే, రాజుగారికి విసుగు పుట్టినప్పుడు మాట్లాడటం, కోపం వచ్చినప్పుడు కనపడకుండా పోవడం. ఇవాళ మాత్రం కోపం వచ్చిన రోజే కనపడ్డాడు. నోట్లో వక్కపలుకు ఆడిస్తూ ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

"ఏమైనా తిన్నావా పేరమ్మా?"

"గొంతు దిగుతుందా బాబూ," అంది పేరమ్మ. "మా ఇంటాయన మంచాన పడి మూడేళ్ళయింది. రెండు చేతులూ లేవవు. ముద్ద కలిపి నోట్లో పెట్టేది ఈ చెయ్యే. ఇది పోతే నా సంగతి అట్టా ఉంచండి, ఆయన ఆకలికి ఎవరు? ఆ సంగతి రాజుగారితో ఒక్క మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"చెప్తే వినే కోపం కాదది. దూత నవ్వాడు కదా," అన్నాడు సూరప్ప. గాలి పీల్చి చూశాడు. "ఇదేం వాసన, ఇంత కమ్మగా ఉంది?"

ఒళ్ళు మండింది పేరమ్మకు. చెయ్యి పోతుందని ఒకరు ఏడుస్తుంటే ఈయనకు వాసనలు కావలసి వచ్చాయి. అయినా పెద్దవాడు అడిగాడు కనక చెప్పింది. "ఉలవలు. గింజలు గుర్రాలకు పోశారు. నీళ్ళు రాజుగారి వంటింటికి పట్టుకుపోయారు, చారుకంట."

సూరప్ప నోట్లో వక్క ఆగిపోయింది.

"నీ కళ్ళతో చూశావా?"

"చూడక ఏం చేస్తాను, ఎదురుగానే కట్టేశారుగా."

ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "పేరమ్మా, సాయంత్రం సభలో నేను నిన్ను నానా మాటలూ అంటాను. నీ చెయ్యి నీకు కావాలంటే మధ్యలో నోరు మెదపకు," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాటకు ధైర్యం తెచ్చుకోవాలో, ఉన్నది కూడా వదులుకోవాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం కొలువు కిటకిటలాడింది. ఒక మూల కత్తి పట్టుకుని తలారి నిలబడ్డాడు. పేరమ్మ అటు చూడకూడదనుకుంటూనే అటే చూస్తోంది.

సూరప్ప ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఈ శిక్ష చాలదు."

పేరమ్మ తలారి మీంచి చూపు తిప్పి సూరప్పను చూసింది.

"ఇవాళ ఈ మాయదారి మనిషి పెట్టింది. రేపు ఇంకొకరు పెట్టరని ఏమిటి? ఒక శాసనం చెయ్యండి. రాజవంశం వారి నోటికి పశువుల మేత అందించిన చెయ్యి, అది ఎవరిదైనా, ఏ హోదాలో ఉన్నా, ఆ పూటే తెగాలి. అప్పుడు గానీ లోకానికి బుద్ధి రాదు."

రాజుగారికి ఆ మాట చెవిలో అమృతం పోసినట్టుంది. దూత వైపు ఒకసారి చూసి, కత్తి దూసి, "ఎవరిదైనా సరే. నా తోడబుట్టినవాడిదైనా సరే. ఈ కత్తి మీద ఒట్టు," అన్నాడు.

'అయిపోయింది. ఇన్నాళ్ళూ నవ్వించే మనిషి కదా అనుకున్నాను, నమ్మించి గొంతు కోశాడు,' అనుకుంది పేరమ్మ. అరవబోయి, నోరు మెదపకు అన్న మాట గుర్తొచ్చి, పంటితో పెదవి బిగబట్టింది.

"శాస్త్రులుగారూ, మేత అంటే ఏమిటో కూడా తేల్చండి. రేపు పేచీ రాకూడదు," అన్నాడు సూరప్ప.

"తేల్చడానికేముంది? పశువుల తొట్టిలో పడేది ఏదైనా మేతే," అన్నాడు శాస్త్రులు.

"దాని పిప్పి?"

"మేతే."

"దాన్ని ఉడకబెట్టిన నీళ్ళు?"

"మేత ఉడికిన నీళ్ళు మేత కాక గంగాజలమవుతుందా?" అని శాస్త్రులు హేళనగా నవ్వాడు.

సూరప్ప వెనక్కి తిరిగి గుర్రాలవాణ్ణి పిలిచాడు. "నీ గుర్రాలకు ఇవాళ తొట్లో ఏం పోశావు?"

"ఉడికిన ఉలవలండి."

"ఉడికించిన నీళ్ళు ఏమయ్యాయి?"

వాడు నీళ్ళు నమిలాడు. వంటింటాయన వైపు చూశాడు. వంటింటాయన ఒక అడుగు ముందుకు వేశాడు. "ఎప్పుడూ అంతేనండి," అన్నాడు సన్నగా. "అవి కాస్తేనే ప్రభువుల ఉలవచారు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీగడ వేసిన ఉలవచారు లేనిదే రాజుగారికి ముద్ద దిగదు. అది ఎక్కణ్ణించి వస్తుందో ఆయన ఎన్నడూ అడగలేదు. విస్తట్లోకి వచ్చేది కనక తినేవాడు.

"ఇన్నేళ్ళూ నాకు గుర్రాల తొట్టి నీళ్ళు పోశావా?" రాజు గొంతు కొలువంతా మోగింది. "వీడి చెయ్యి కూడా తియ్యండి."

వంటింటాయన అక్కడికక్కడే కూలబడ్డాడు. పేరమ్మ ఆయన వైపు చూసింది. తను వాగిన ఒక్క మాట వల్ల, పెళ్ళాంబిడ్డలున్న ఇంకో మనిషి కూడా అయిపోతున్నాడు. తన చెయ్యి పోతే పోయింది, ఈ పాపం ఎక్కడ పెట్టుకునేది. ఆమె నోరు తెరవబోయింది. సూరప్ప కళ్ళతోనే వద్దన్నాడు.

"ఒక్క క్షణం ప్రభూ. శాసనంలో మాట, నోటికి అందించిన చెయ్యి అని. వంటింటాయన విస్తట్లో పోశాడు, అంతే. విస్తట్లోంచి నోటిదాకా అందించిన చెయ్యి వేరే ఉంది."

"ఎవడిదా చెయ్యి?"

"సాక్షి అక్కర్లేదు ప్రభూ. వాసన చూస్తే తెలిసిపోతుంది. ఉలవచారు తిన్న చెయ్యి ఎంత కడిగినా సాయంత్రం దాకా కమ్మగా ఉంటుంది."

రాజు ఆలోచించకుండానే కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది. తలారి తన కత్తిని మెల్లిగా వీపు వెనక్కి దాచుకున్నాడు. రాజుగారి చెయ్యి నెమ్మదిగా, ఎవరూ చూడకూడదన్నట్టు, ఉత్తరీయం కిందకి పోయింది.

అది చూసి దూత కిసుక్కుమన్నాడు.

రాజు మొహం నల్లబడింది. ఇక చేతులతో పోదు, తలలే పోతాయి అనుకుంది పేరమ్మ. అందరి కంటే ముందు పోయేది సూరప్పదే.

సూరప్ప మాత్రం నిదానంగా దూత వైపు తిరిగాడు. "దూతగారు మధ్యాహ్నం మా ప్రభువుల పంక్తిలోనే కూర్చుని ఉలవచారు మూడుసార్లు పోయించుకున్నారు. నాలుగోసారి కూడా వడ్డించేవాడి కోసం చూశారు. మీ దేశంలో గేదెలు కూడా అన్నిసార్లు పోయించుకుంటాయా అండీ?"

దూత నవ్వు ఆగిపోయింది. తనకు తెలియకుండానే కుడిచెయ్యి శాలువా కిందకి దోపుకున్నాడు.

రాజు దూతను చూశాడు. శాలువాను చూశాడు. తన ఉత్తరీయాన్ని చూసుకున్నాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆయన తనను చూసి తాను నవ్వడం ఆ కొలువు ఎన్నడూ ఎరగదు. చివరికి దూత కూడా తల వంచుకుని నవ్వేశాడు.

"ఒరే సూరప్పా, కత్తి మీద ఒట్టు పెట్టించావు కదరా. ఇప్పుడెట్లా?"

"శాసనం జోలికి పోనక్కర్లేదు ప్రభూ. మేత అంటే ఏమిటో శాస్త్రులుగారు ఇంకొక్కసారి సెలవిస్తే చాలు."

శాస్త్రులు తానూ అదే పంక్తిలో భోంచేశాడు. ఏమాత్రం తడుముకోకుండా, "తొట్టిలో ఉన్నంతసేపే మేత. మనిషి ఆకలికి మనిషి చేతిలోకి వస్తే అన్నం. పొద్దున్నే చెబుదామనుకున్నాను, ప్రభువులు అవకాశమివ్వలేదు," అన్నాడు.

రాజు మెడలో ముత్యాలహారం తీసి సూరప్పకు వేశాడు. వంటింటాయన్ను లేవదీయించాడు. పేరమ్మ కట్లు విప్పించి, ఆమె ఇంటికి ఏడాదికి సరిపడా బియ్యం పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ బియ్యం మాట ఆమెకు వినపడనే లేదు. తాడు ఒరుసుకుపోయిన మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకుంటోంది.

"వాడు అంతగా తినేది ఏమిటో నాకూ చూపించు," అన్నాడు రాజు.

కొట్టంలోంచి తవుడు తెచ్చారు. పేరమ్మ బెల్లం కలిపింది. మణికట్టు నొప్పికి ఉండ ఒక పట్టాన కుదరలేదు. ఉంగరాల చెయ్యి ఉత్తరీయం కిందనుంచి బయటికొచ్చి ఆమె ముందు అరచెయ్యి చాపింది. పిల్లలకు పెట్టినట్టే పెట్టింది. రాజు నమిలాడు. మళ్ళీ నమిలాడు. పేరమ్మకు మళ్ళీ భయం పట్టుకుంది.

"బెల్లం ఇంకాస్త పడాలి," అన్నాడు.

"ఎక్కువైతే తవుడు రుచి పోద్దండి," అంది పేరమ్మ. ఆ రోజు సభలో ఆమె నోరు విప్పి అన్న మొదటి మాట అదే. రాజు కాదనలేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. మంచం మీద మొగుడు గుమ్మం వైపే చూస్తున్నాడు. ఏమీ చెప్పకుండా చేతులు కడుక్కుని, అన్నంలో మజ్జిగ పోసి కలిపి, ముద్ద నోట్లో పెట్టింది. పెడుతుంటే ఆగకుండా ఏడుపొచ్చింది.

"ఇవాళ ఇంతసేపయిందేమే? ఆకలికి చచ్చిపోతున్నాను," అన్నాడు ఆయన.

"రాజుగారికి పెట్టొచ్చేసరికి ఆలిశమైంది మావా," అంది పేరమ్మ, కళ్ళు తుడుచుకుని రెండో ముద్ద కలుపుతూ.

ఆయన నమ్మలేదు. మీరైనా నమ్మండి.