ఒప్పుకుని కట్టిన వీణ

ఒకానొక రాజ్యంలో ఆలుమగల మధ్య ఎదురుమాట అన్నదే వినబడేది కాదు. ఎదురు చెప్పినవాళ్లందరినీ ఏటికి అవతల దింపేశారు మరి, ఇంకెక్కడ వినబడుతుంది?

ఆ రాజ్యాన్ని ఏలే భీమభూపాలుడి మీసాల కొసల మీద చెరో గుమ్మడికాయ నిలిచేది. ఆయన గర్వం పక్కన ఆ గుమ్మడికాయలు ఆవగింజలు. పెళ్లయి పన్నెండేళ్లయినా రాణి చామాంబ తనకు ఒక్కసారీ ఎదురు చెప్పలేదని రోజుకు నూరుసార్లు చెప్పుకొనేవాడు. చెప్పుకొని చెప్పుకొని, లోకమంతా అలాగే ఉండాలనుకున్నాడు. చాటింపు వేయించాడు.

"ఆలుమగలు కలహించరాదు. 'కాదు' అన్నవారిని పడవెక్కించి అవతలి ఒడ్డున దింపుతాము. మళ్లీ ఇవతలికి రాకూడదు!"

ఊళ్లు చప్పబడిపోయాయి. కూరలో ఉప్పు లేదని చెప్పే ధైర్యం లేక రాజ్యంలో సగంమంది నాలుకలు రుచే మరిచిపోయాయి.

ఆ రోజుల్లోనే, వీణలు చేసే ఓబాచారికి రాణిగారి కోసం ఒక వీణ చేయమని ఆజ్ఞ అందింది. ఓబాచారి ఉలి తగిలితే పనసకర్ర తనంతట తానే పాడుతుందని చెప్పుకొనేవారు. అయితే చెక్కడంతో వీణ అయిపోదు. తీగల కింద పొడవుగా ఉండే దండి మీద నల్లమైనం పరిచి, అది మెత్తగా ఉండగానే ఇరవైనాలుగు కంచు మెట్లు నిలపాలి. గోరంత జరిగితే స్వరం చెడుతుంది. మెట్టు జరిపేది ఓబాచారి. తీగ మీటి వినేది అతని భార్య పేరమ్మ. ముప్పై ఆరేళ్లుగా అదే వరస.

"కాదు," అంది పేరమ్మ.

"ఏం కాదే? సరిగ్గానే ఉందిగా!"

"కాదయ్యా. ఆ మైనం గానీ చెవుల్లో పోసుకున్నావా?"

"నీ చెవి కంటే నా చెయ్యే నయం."

"ఆ చేత్తోనేగా నా మెళ్లో తాళి కట్టావు! ఆ ముడీ వంకరే."

అలా రెండు మెట్లు కుదిరాయి. మూడోది పట్టుకునేసరికి గుమ్మంలో మీసాలు కనబడ్డాయి. వీణ ఎంతవరకు వచ్చిందో చూద్దామని రాజు స్వయంగా వచ్చి, మొదటి నుంచీ వింటున్నాడు.

"పదకొండు 'కాదు'లు!" అన్నాడు, చేతివేళ్లు చాలక కాలి బొటనవేలు కూడా లెక్కలో వేసుకుని. "పండగనాడు వీణ సభకు చేరగానే ఈమెను పడవెక్కించండి."

ఓబాచారి చేతిలోని మెట్టు నేల మీద పడింది. పేరమ్మ వంగి దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది. అవతలి ఒడ్డున తను ఎలాగో బతికేస్తుంది. ఈయన సంగతి? "ఇదేం పులుసే?" అని కసరడానికి ఎదురుగా మనిషి లేకపోతే ఈయనకు ముద్ద దిగదు.

"చిత్తం ప్రభూ," అంది పేరమ్మ. "మిగతా మెట్లకు ఒక్క 'కాదు' కూడా మా నోట రాదు. ఒక్కటే మనవి. సభలో ఈ వీణను మొదట రాణిగారే మీటాలి. ఎలా ఉందో ఆవిడే చెప్పాలి."

"దానికేం? మా దేవి బాగుందనే చెబుతుంది," అన్నాడు రాజు. ఇద్దరు భటులను అక్కడే కాపలా పెట్టి వెళ్లాడు.

పేరమ్మకు రాణి కొత్త కాదు. రాణి పుట్టింటి వీణకు మెట్లు నిలిపింది ఈ దంపతులే. అప్పుడు ఏడేళ్ల చామాంబ తీగ మీటి, పేరమ్మకే దొరకని తప్పు పట్టుకుని, ఏడో మెట్టు పీకించింది. ఆ చెవి ఎక్కడికీ పోదు. ఆ నోరు మిగిలుందో లేదో, అదే తెలియదు.

పని మళ్లీ మొదలైంది.

"ఇక్కడ నిలపనా?"

"నీ ఇష్టం."

"కొంచెం పైకా?"

"అలాగే."

"పోనీ, కిందికా?"

"అదీ బాగానే ఉంటుంది."

ఓబాచారి మెట్టు పక్కన పెట్టేశాడు. "పేరీ, ఒక్కసారి కాదనవే. నా పేరు పోతుందే."

పేరమ్మ భటుల వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించింది. "పేరు పోతే మళ్లీ తెచ్చుకుంటావు. నేను పోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటావయ్యా?"

విజయదశమి నాడు సభ కిక్కిరిసింది. రాణి వీణ ఒళ్లో పెట్టుకుని తీగ మీటింది. గజశాలలో ఏనుగులు గొలుసులు తెంపుకున్నాయి. చుట్టుపక్కల మూడూళ్లలో పాలు విరిగిపోయాయి. సభికులు మాత్రం ముక్తకంఠంతో "ఆహా!" అన్నారు.

"ఎలా ఉంది దేవీ? అమృతంలా ఉంది కదూ!" అన్నాడు రాజు.

"చిత్తం" అనడానికి రాణి పెదవి విప్పింది. వేలు ఇంకా తీగ మీదే ఉంది. ఆ వేలి వైపు చూసుకుంది.

"లేదు," అంది చామాంబ.

సభలో ఈగ సైతం రెక్కలు ముడుచుకుంది.

"లేదు ప్రభూ. మొదటి రెండు మెట్లు తప్ప ఒక్కటీ తన చోట లేదు. వీణ బాగాలేదు."

"పడవ..." అన్నాడు మంత్రి అలవాటు కొద్దీ. అని నాలుక కరుచుకున్నాడు.

రాజు పేరమ్మ మీద విరుచుకుపడ్డాడు. "కావాలని పాడుచేశావు!"

"మేమేం చేశాం ప్రభూ? ఒప్పుకున్నాం. ఆయన అన్నదానికి నేను, నేనన్నదానికి ఆయన. ఇరవై రెండు మెట్లకీ ఒప్పుకున్నాం. రాణిగారు బాగున్నాయన్న ఆ రెండూ తమరు పదకొండు 'కాదు'లు లెక్కపెట్టినప్పుడు కట్టినవి." పేరమ్మ చేతులు జోడించింది. "ఇక పడవ తెప్పించండి. రాణిగారికీ నాకూ ఒకటే చాలు. దారిపొడవునా చెప్పుకోవడానికి బోలెడుంది."

రాజు రాణి వైపు తిరిగాడు. "పన్నెండేళ్లలో ఒక్కసారీ కాదనలేదే!"

"అడిగారు గాని ఆగలేదు ప్రభూ. ఎలా ఉందని అడిగి జవాబూ మీరే చెప్పుకునేవారు." రాణి గొంతు పెద్దదేమీ కాలేదు. "ఈ మేడలో ఉన్నానన్న మాటే గాని, నేను అవతలి ఒడ్డున దిగి పన్నెండేళ్లయింది."

రాజు మీసాలు మొదటిసారి కిందికి వాలాయి. చిన్నపిల్లవాడిలా అడిగాడు. "మరి... పొద్దున్నే నేను పాడే పాట?"

ఈసారి ఆయన ఆగాడు.

"అదీ బాగుండదు ప్రభూ."

రాజు ముఖం కందగడ్డ అయింది. ఆపైన పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి. నవ్వాడు. కోట గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ, ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ తడి అంతా నవ్వుదేనా అంటే, పక్కనున్న రాణికే తెలియాలి.

అప్పటికప్పుడు చట్టం కొట్టేశాడు. అవతలి ఒడ్డు వాళ్లందరినీ తీసుకురమ్మన్నాడు. పేరమ్మకు చేతి కడియాలూ, ఓబాచారికి ఒక పనసతోటా ఇచ్చాడు. తోట నాకు, కడియాలు నీకా అని ఓబాచారి సభలోనే పేరమ్మతో తగువు మొదలుపెట్టాడు.

తరవాత రాజు మైనం వేడి చేయించి, కిరీటం పక్కన పెట్టి, వీణ ముందు చతికిలబడ్డాడు. రాణి తీగ మీటింది.

"ఇంతేనా దేవీ?"

"కాదు. ఇంకాస్త పైకి."

"ఇప్పుడు?"

"అంత కాదు."

పొద్దు వాలేసరికి రాజుగారి వేళ్లు పదీ బొబ్బలెక్కాయి. కుదిరింది మాత్రం ఒక్క మెట్టే. మిగతా ఇరవై ఒకటీ ఎక్కడ నిలపాలన్న దాని మీద ఆ ఆలుమగలకు ఇంకా తేలలేదట!